ఇంట్లో గ్యాస్ లీకు: అలారం ఎక్కడ పెట్టాలి, మోగితే ఏం చేయాలి?



మన సంఘం సాయం అందుకునే ఒక ఇంట్లో, ఒక రంజాన్ తెల్లవారుజామున జరిగిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. ఒకటే గది. ఒక మూల పొయ్యి, గ్యాస్ బండ; మిగిలిన చోట చాపలు. దోమల బాధకు సాయంత్రమే కిటికీలు వేసేశారు. రాత్రి పిల్లాడికి పాలు కాచేటప్పుడు అవి పొంగి మంట ఆరిపోయింది. గిన్నె దించారు గానీ నాబ్ పూర్తిగా తిప్పలేదు. జలుబు చేసి ఉన్న నానీకి వాసన తెలియలేదు, నిద్రలో ఉన్నవాళ్లకు అసలే తెలియలేదు. సహరీకి లేపడానికి పక్కింటి నుంచి వచ్చిన కోడలు తలుపు తీయగానే గుప్పున వాసన కొట్టింది. అలవాటుగా లైటు స్విచ్ మీదికి వెళ్లిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది. అల్లాహ్ దయవల్ల ఆ ఇంట్లో ఐదుగురూ బతికి ఉన్నారు.

ఆ చెయ్యి వెనక్కి రాకపోయి ఉంటే? ఈ ప్రశ్నే మమ్మల్ని కొన్నాళ్లు నిద్రపోనివ్వలేదు. గ్యాస్ ఎలా ప్రవర్తిస్తుంది, అలారం ఎలా పనిచేస్తుంది, మన ఇళ్లకు ఏది పనికొస్తుంది అని తెలుసుకున్నాం. అదే ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

మన నేలకు గ్యాస్ కొత్త కాదు

గోదావరి డెల్టాలో గ్యాస్ మన కాళ్ల కిందే ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి, రెండు నెలలకు పైగా మంట మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత 2014 జూన్ 27, శుక్రవారం. రంజాన్ నెల మరి కొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తెల్లవారుజామున గెయిల్ పైపులైను పేలింది. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లికి గ్యాస్ తీసుకెళ్లే పైపు అది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. తేమతో కూడిన గ్యాస్ ప్రవహించి పైపు లోపల తుప్పు పట్టడమే కారణమని విచారణలో తేలింది.

నగరంలో గ్యాస్ బయటికి వచ్చి ఊరి మీద పరుచుకుంది. ఒక టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పటి వార్తలు. వాసన వస్తోందని గ్రామస్తులు ముందే చెప్పారని కూడా పత్రికలు రాశాయి. అంత పెద్ద ప్రమాదాన్ని ఇంట్లో గోడకు తగిలించే అలారం ఆపగలిగేది కాదు. అయినా మన వంటగదికి పనికొచ్చే పాఠం అందులో ఉంది. ప్రమాదం ముందుగా కబురు పంపుతుంది. ఆ కబురు విని ఎవరో ఒకరు కదలాలి. ఎవరూ కదలకపోతే ఎంత గట్టిగా చెప్పినా ప్రయోజనం లేదు.

ముక్కు ఒక్కటే ఎందుకు చాలదు?

వంట గ్యాస్, అంటే ఎల్పీజీ, ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. దానికి సొంతంగా వాసన లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. మనకు తెలిసే వాసన దానిదే. అయితే ముక్కుకు మూడు బలహీనతలు ఉన్నాయి. నిద్రలో అది మనల్ని సరిగా లేపదు. జలుబు చేసినా, వయసు మీరినా మందగిస్తుంది. ఒకే వాసనలో కాసేపు ఉంటే దానికి అలవాటుపడి, వాసన పోయిందని మనల్ని నమ్మిస్తుంది.

రెండో సంగతి, ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. అది పైకి పోదు. నీళ్లలా నేల మీద పాకి, పల్లంలో పేరుకుంటుంది. మంచం లేని ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు చాప మీద పడుకుంటారు. వాళ్ల ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. పేదవాడి ఇంట్లో ఈ ప్రమాదం ఎందుకు ఎక్కువో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

మూడోది లెక్క. గాలిలో నూటికి సుమారు 2 వంతుల ఎల్పీజీ చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అంతే ఎత్తున్న గదికి సుమారు కిలోంపావు గ్యాస్ సరిపోతుంది. 14.2 కిలోల బండలో అది పదోవంతు కూడా కాదు. పెద్ద బర్నరు పూర్తిగా తెరిస్తే గంటకు సుమారు 150 నుంచి 200 గ్రాములు వస్తుంది. ఏడు గంటలు, అంటే ఒక్క రాత్రి చాలు. నేలవారగా పేరుకున్న చోట ఇంకా ముందే ఆ మోతాదు చేరుతుంది. కిటికీలు వేసి ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినప్పుడు పుట్టే చిన్న రవ్వ కూడా చాలు.

అలారం చేసే పని

గ్యాస్ అలారం అరచేతిలో పట్టే పెట్టె. లోపల ఉండే సెన్సారుకు గ్యాస్ తగలగానే దానిలో విద్యుత్ ప్రవాహం మారుతుంది. వెంటనే ఎర్ర లైటు వెలిగి పెద్దగా మోగుతుంది. గ్యాస్ అంటుకునే మోతాదులో పదో వంతుకు చేరేసరికే మోగేలా చాలా అలారాలను తయారుచేస్తారు. అంటే వెయ్యికి 2 వంతుల దగ్గరే మేల్కొలుపు వస్తుంది. ఆ తేడాయే మనకు దొరికే సమయం.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు చూడాల్సినవి:

1. మీ ఇంటి గ్యాస్ ఏది? బండ అయితే ఎల్పీజీ అలారం కావాలి. రాజమహేంద్రవరం, కాకినాడ లాంటి చోట్ల కొన్ని వీధులకు పైపుల ద్వారా సహజవాయువు వస్తోంది. అది మీథేన్, గాలి కంటే తేలిక, పైకి పోతుంది. పెట్టె మీద ఏ గ్యాస్ కోసమో రాసి ఉంటుంది. చదివి కొనండి. పొగ అలారం వేరు. అది గ్యాస్‌ను పట్టదు.

2. ఎత్తు. బండ వాడే ఇంట్లో అలారం నేల నుంచి సుమారు ఒక అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్ ఇంట్లో పైకప్పుకు ఒక అడుగు కిందుగా ఉండాలి. చాలామంది గోడ గడియారం పక్కన, అందరికీ కనిపించేలా తగిలిస్తారు. బండ ఉన్న ఇంట్లో అది కావలివాణ్ణి డాబా మీద కూర్చోబెట్టడమే. దొంగ నేల మీద పాకి వస్తాడు.

3. దూరం. పొయ్యికి ఐదారు అడుగుల నుంచి పది అడుగుల లోపు పెట్టండి. పొయ్యి మీదుగా, పోపు ఆవిరి తగిలేచోట, తలుపు వెనక, కిటికీ గాలి నేరుగా కొట్టేచోట వద్దు.

4. కరెంటు. ప్లగ్గుకు పెట్టే అలారం కరెంటు పోతే మూగబోతుంది. మనది తుఫాను సీమ. గాలివాన వస్తే రోజుల తరబడి కరెంటు ఉండదు. అందుకే లోపల బ్యాటరీ ఉన్నది మేలు.

5. ఆయుష్షు. సెన్సారు శాశ్వతం కాదు. చాలావాటికి ఐదేళ్లు గడువు. కొన్న నెల, సంవత్సరం పెట్టె మీద రాసిపెట్టండి. నెలకొకసారి పరీక్ష బటన్ నొక్కి చూడండి. లైటరుతో గ్యాస్ వదిలి పరీక్షించకండి.

6. అనవసరంగా మోగడం. దోమల స్ప్రే, సెంటు స్ప్రే, శానిటైజరు ఆవిరి తగిలినా కొన్ని మోగుతాయి. గురువారం సాయంత్రం లోబాన్ వేసే ఇళ్లలో పొగ దగ్గరగా తగలకుండా చూసుకోండి. రెండుసార్లు ఉత్తినే మోగిందని ప్లగ్గు పీకి బీరువాలో పెట్టిన అలారం, లేని అలారంతో సమానం.

మోగినప్పుడు

ఇంట్లో అందరికీ, పదేళ్ల పిల్లలతో సహా, ఈ క్రమం నోటికి వచ్చి ఉండాలి.

మొదట, ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. వేయవద్దు, ఆపవద్దు. ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి. ఎగ్జాస్టు ఫ్యాను వేస్తే గ్యాస్ పోతుందనుకోవడం పెద్ద పొరపాటు. చాలామంది చేసే మరో తప్పు, చెవులు పగిలిపోతున్నాయని అలారం ప్లగ్గునే పీకడం. ఆ పీకడంలోనే రవ్వ పుడుతుంది. మోగనివ్వండి.

రెండు, పొయ్యి నాబ్‌లు, బండ రెగ్యులేటరు ఆపండి. కుదిరితే రెగ్యులేటరు తీసి బండకు మూత బిగించండి. బుస్సుమని గట్టిగా వస్తుంటే దాని జోలికి పోకుండా బయటపడండి.

మూడు, తలుపులు, కిటికీలు బార్లా తెరవండి.

నాలుగు, ముసలివాళ్లను, పిల్లలను ముందుగా బయటికి తీసుకెళ్లండి. పక్కింటివాళ్లను కేకేసి పిలవండి. కాలింగ్ బెల్ నొక్కవద్దు. ఫోను కూడా బయటికి వచ్చాకే. వంట గ్యాస్ లీకు కోసం 1906 నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. మంట లేస్తే అగ్నిమాపక కేంద్రానికి 101.

అలారం కంటే ముందు గొట్టం

దాతలకు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అలారం లీకును ఆపదు, చెబుతుంది అంతే. పగిలిన గొట్టం అలాగే ఉంచి అలారం కొనడం, చిల్లు కుండ పక్కన కాపలా కూర్చోవడమే. మేము చూసిన ఇళ్లలో ఎక్కువ లోపాలు చిన్న ఖర్చుతో పోయేవే.

గొట్టం ఐఎస్ఐ గుర్తున్న, లోపల తీగ అల్లిన నారింజ రంగుది అయి ఉండాలి. ఐదేళ్లకొకసారి మార్చాలి. గొట్టానికి గుడ్డ చుట్టి పెట్టకండి, పగులు కనిపించదు. బండ నిలువుగా, పొయ్యి గట్టు కంటే కింద ఉండాలి. బండ వచ్చినప్పుడు మూత తీసి లోపల రబ్బరు వాషరు ఉందో లేదో ఆ అబ్బాయి ముందే చూడండి. బండ పైభాగాన ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు, అంకెలు సంవత్సరం. బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. దాటి ఉంటే తీసుకోకండి. లీకు అనుమానం వస్తే సబ్బు నురగ రాయండి, బుడగలు చెబుతాయి. అగ్గిపుల్ల గీసి చూసే పని ఎప్పటికీ వద్దు. రాత్రి పడుకునేముందు నాబ్‌తో ఆగకుండా రెగ్యులేటరు కూడా ఆపండి. ఇది పైసా ఖర్చు లేని అలారం.

ఈ చివరి మాట మనకు కొత్తది కాదు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయిన వార్త విన్నప్పుడు, పడుకునేముందు నిప్పు ఆర్పమని ప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అప్పటి నిప్పు దీపంలో ఉండేది, ఇప్పటి నిప్పు బండలో ఉంది. ఇషా నమాజు తర్వాత ఇంటి తలుపు గడియ చూసుకున్నట్టే రెగ్యులేటరు చూసుకోవడం, ఆ బోధనను పాటించడమే అని మేము భావిస్తున్నాం.

మనం చేయగలిగింది

కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలతో వండిన మన తల్లుల కళ్లు పొగకు ఎర్రబడేవి. 1999లో రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక పేదింట్లోకీ గ్యాస్ బండ వచ్చింది. అది పెద్ద మేలు. కానీ బండతో పాటు రావలసిన జాగ్రత్త అన్ని ఇళ్లకూ రాలేదు.

అందుకే మా మనవి ఇది. ముందుగా మీ సొంత ఇంటి గొట్టం ఈ రోజే చూడండి. తర్వాత మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, చిన్నపిల్లలతో ఒంటిగదిలో ఉండే వితంతువులు, మదరసా వంటశాల, వీటిలో ఒక్కదాన్ని మీదిగా ఎంచుకోండి. కొత్త గొట్టం, అవసరమైతే రెగ్యులేటరు, నేలకు అడుగెత్తున ఒక అలారం, వీటితో పాటు అరగంట కూర్చుని పైన చెప్పిన నాలుగు పనులు నేర్పడం. ఆ అరగంటే అన్నింటికంటే విలువైన దానం. ఖర్చు జకాత్ నుంచా, సదఖా నుంచా అన్నది ఆలిములను అడిగి నిర్ణయించుకోండి.

ఆ తెల్లవారుజామున కోడలి చెయ్యి ఆగడం ఆ ఇంటి అదృష్టం. ప్రతి ఇల్లూ అదృష్టం మీదే ఆధారపడకూడదని మా తపన. ఇప్పుడు ఆ ఇంట్లో బండ దగ్గర గోడకు, నానీ చాప ఎత్తున, ఒక చిన్న ఆకుపచ్చ లైటు రాత్రంతా వెలుగుతోంది. మీ సాయంతో అలాంటి లైటు మరిన్ని ఇళ్లలో వెలగాలని, మన ఇళ్లన్నింటినీ అల్లాహ్ చల్లగా కాపాడాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.