ముందు నీళ్ళు చూడమ్మీ

చి|| చిన్నమ్మికి మీ అబ్బ ఆశీర్వదించి రాయునది.

మీ నాయన నిన్న రాత్రి ఫోన్లో చెప్పినాడు. కొత్త గోల్డ్‌ఫిష్‌ల్లో ఒకటి తోక చిరిగి, పక్కన పొలుసులు ఊడి, తొట్టి మూలలో పడి ఉందంట. నువ్వు అన్నం కూడా సరిగా తినకుండా దాని ముందరే కూర్చుంటున్నావంట. అంగడాయన ఇచ్చిన నీలిమందు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తున్నావంట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు మనసు నిలకడగా లేదు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది చెప్పలేను. అందుకే ఉత్తరం.

తోక చిరిగినంత మాత్రాన చేప చావదు తల్లీ. రెక్క మొదలు చెడకుంటే కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది. ముందు అంచున రంగు లేని పల్చటి పొర వస్తుంది, తర్వాత రంగు పట్టుకుంటుంది. పొలుసూ వస్తుంది. దానికి కావాల్సినవి రెండే: మంచి నీళ్ళు, ఎవరూ కదిలించకుండా ఉండడం. నువ్వు ఈ రెండూ వదిలిపెట్టి మందు పట్టుకున్నావు.

ఆ నీలిమందు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది. గాయం మీద దూదిపింజ అంటినట్టు తెల్లటి బూజు కనబడితే దానికి పని ఉంది, అదీ వేరే టబ్బులో. తొట్టిలోనే పోస్తే నీళ్ళు శుభ్రం చేసే సూక్ష్మజీవులు చస్తాయి. చేప వదిలే మలినంలో అమ్మోనియా ఉంటుంది. దాన్ని హాని తక్కువ రూపానికి మార్చేది ఆ సూక్ష్మజీవులే. కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. పుట్టీపుట్టకముందే వాటిని నువ్వు చంపుకుంటున్నావు.

అందులోనూ మీది కడప నీళ్ళు. సున్నపురాయి నేల మీద నుంచి వచ్చే బోరు నీళ్ళు గట్టిగా, క్షారంగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్ళు పడవని కాదు, బాగానే ఓర్చుకుంటుంది. చిక్కంతా అమ్మోనియాతో. పీహెచ్ 7 ఉన్న నీళ్ళలో, 25 డిగ్రీల వేడిలో, ఉన్న అమ్మోనియాలో విషంగా పనిచేసేది నూటికి అర పాలు. అదే నీళ్ళ పీహెచ్ 8 అయితే ఐదు పాళ్ళు దాటుతుంది. పది రెట్లమ్మీ! ఎండ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, నీళ్ళలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. వేరే ఊర్లో ఒక చేప తట్టుకునే మురికి మీ ఊర్లో తట్టుకోలేదు. అందుకని ఈ పది దినాలూ రోజూ పావు వంతు నీళ్ళు మార్చు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా వెడల్పాటి బకెట్టులో ఒక పగలూ రాత్రీ మూత లేకుండా పెట్టు. బోరు నీళ్ళయితే గాలిపంపు గొట్టం అందులో వేసి బుడగలు రానీ, భూమి లోపలినుంచి వచ్చే నీళ్ళలో గాలి తక్కువ. పోసే ముందు బకెట్టులో ఒక చెయ్యి, తొట్టిలో ఒక చెయ్యి పెట్టి చూడు. రెండు చేతులకూ తేడా తెలియకూడదు.

నీళ్ళ మాట వస్తే నేను ఆగలేనని నీకు తెలుసు. సుంకేసుల దగ్గర చేపపిల్లల పనిలో చేరినప్పుడు నాకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఆ ఆనకట్ట దగ్గర తుంగభద్రలోంచి బయలుదేరే కె.సి. కాలువే మీ కడప దాకా వచ్చేది, 300 కిలోమీటర్ల పైమాట. 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మొదలుపెట్టి పడవలు కూడా నడపాలనుకున్నారు. కాలువను నడపలేక 1882లో సర్కారుకు అమ్ముకున్నారు. ఆ కాలువ పక్కనే మేము లారీలో శీలావతి, బొచ్చె పిల్లలను తీసుకొని నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోరుమామిళ్ళ చెరువుకు పోయేవాళ్ళం. ఎప్పుడూ రాత్రే, ఎండ తగలకుండా. కవరులో మూడో వంతు నీళ్ళు, మిగిలిందంతా ఆక్సిజన్. ముందు రోజు పిల్లలకు మేత పెట్టం. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్ళు చెడవు. మా పెద్దాయన ఒకాయన ఉండేవాడు, లారీ ఆగిన చోటల్లా ఒక్కో కవరూ చెంపకు ఆనించుకొని వేడి చూసేవాడు. చెరువు దగ్గర తెల్లారేటప్పటికి కవర్లు నీళ్ళ మీద వదిలి, కాసేపాగి, నోరు విప్పి కొంచెం కొంచెంగా చెరువు నీళ్ళు లోపలికి రానిచ్చేవాడు. కవరు వంచి గుమ్మరించనిచ్చేవాడు కాదు. పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోవాల. కొన్ని బయటికొచ్చి కవరు పక్కనే ఆగి, నోరు తెరిచి మూసి, తర్వాత గబుక్కున లోతుకు పోయేవి. ఆ ఘడియ చూడడానికే నేను ఆ ఉద్యోగంలో అన్నేళ్ళున్నానేమో.

ఆ పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని చెక్కించినాడు. చవుటి నేల ఒక దోషమని ఆరువందల యాభై ఏళ్ళనాడే రాతి మీద రాసుకున్న నేల మనది. నీళ్ళు తెలిసినవాడు ఉండాలని కూడా అందులోనే ఉంది. నువ్వు ఆ నేల పిల్లవు. నీ తొట్టి నలభై లీటర్లదే కావచ్చు, దాని నీళ్ళు నువ్వే తెలుసుకోవాల.

ఇంకొకటి. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో చేపలకు పుండ్ల రోగం మొదలై తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది. కొరమీనుల ఒళ్ళంతా గుంటలు పడేవి. అప్పుడు కూడా ఒక్కో చేపను పట్టి మందు పూయలేదు, చెరువు నీళ్ళకే సున్నం వేసినాం. అట్లని నీ తొట్టిలో సున్నం వేసేవు, వద్దు! మీ నీళ్ళలో కావాల్సినంత ఉంది. పసుపు కూడా పూయొద్దు. చేపను చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది. ఆ జిగురే దానికి చర్మం మీద చర్మం. తప్పనిసరై పట్టాల్సి వస్తే వల తడుపు, చెయ్యి తడుపు.

ఉప్పు మాత్రం వెయ్యి. లీటరుకు ఒక గ్రాము రాళ్ళుప్పు, నీ తొట్టికి నలభై గ్రాములు. మగ్గులో కరిగించి, పూటంతా కొంచెం కొంచెంగా పొయ్యి. చేప రక్తంలో ఉప్పు బయటి నీళ్ళకంటే ఎక్కువ. గాయమైతే నీళ్ళు లోపలికి చొరబడుతుంటాయి, వాటిని బయటికి తోసి తోసి అది అలసిపోతుంది. ఈ ఉప్పు ఆ భారం తగ్గిస్తుంది. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి తగ్గిన నీళ్ళకు ఉత్త నీళ్ళే పొయ్యి. మొక్కలుంటే ముందు తీసి పక్కన పెట్టు.

అసలు తోక ఎట్లా చిరిగిందో నాకు తెలుసు. మీ నాయన ఫోటో పంపినాడు. తొట్టిలో కడపరాయి ముక్కలు నిలబెట్టినావు, నల్లగా చూడముచ్చటగా ఉన్నాయి. అంచులు వేలితో తడిమి చూడు, పగలగొట్టిన చోట చర్మం కోసుకుంటుంది. భయపడిన చేప రాత్రి దాన్నే రాసుకొని పరిగెత్తింటుంది. అవి తీసెయ్యి. పాతకుండ పెంకు అంచులు అరగదీసి బోర్లించు, దాగడానికి చోటు దొరుకుతుంది. దీపం ఆర్పు, ముందువైపు దుప్పటి కప్పు. రెండు రోజులు మేత వద్దు. పక్కన కూర్చొని గాజు తట్టొద్దు బంగారూ, నువ్వు ప్రేమగా తట్టినా దానికి తెలియదు.

నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే, కాలు విరిగిన కోడిపిల్లనూ వదిలేదానివి కాదు. ఆ గుణం పోగొట్టుకోవద్దు. కానీ నిద్ర మానుకుంటే నేను ఊరుకోను. ఈ ఉత్తరం అందిన రోజే నీలిమందు ఆపు. పంపు ఆన్‌లోనే పెట్టి, అన్నం తిని పడుకో. ఉగాదికి వచ్చేటప్పుడు మీ బోరు నీళ్ళు ఒక సీసాలో నిండా పట్టి తీసుకొని రా. పీహెచ్ ఇక్కడ నేనే పరీక్ష చేయిస్తాను.

ఇట్లు,
మీ అబ్బ, కర్నూలు