డర్బన్ నుండి జోహానెస్‌బర్గుకు దూరమెంత?

దూరమెంత అను ప్రశ్న చూపులకు చిన్నది. కాని ఏ దారిన అని అడుగనిదే దానికి జవాబు చెప్పలేము. నారాయణఖేడ్ నుండి జోగిపేట, సంగారెడ్డిల మీదుగా హైదరాబాదుకు బస్సులో పోవు బోరంచ విద్యార్థికి ఇది తెలిసిన సంగతియే. బస్సు తిరుగు వంపులు పక్షికి లేవు.

ఈ విషయమును దక్షిణాఫ్రికాలోని రెండు నగరములను తీసుకొని లెక్కవేసి చూతము. డర్బనును ఎన్నుకొనుటకు కారణమున్నది. 1860 అక్టోబరులో మద్రాసున ఓడయెక్కిన తెలుగు, తమిళ కూలీలు నవంబరు 16న దిగిన రేవు అదియే. ‘ట్రూరో’ అను ఆ ఓడలో వచ్చినవారు 342 మంది.

డర్బను 29.9 డిగ్రీల దక్షిణ అక్షాంశము, 31.0 డిగ్రీల తూర్పు రేఖాంశముల వద్దను, జోహానెస్‌బర్గు 26.2, 28.0 డిగ్రీల వద్దను ఉన్నవి. అక్షాంశ భేదము 3.7 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున అది 411 కిలోమీటర్లు. రేఖాంశ భేదము 3 డిగ్రీలు. రేఖాంశములు ధ్రువముల వైపు పోను పోను దగ్గరగును గనుక, నడిమి అక్షాంశమైన 28 డిగ్రీల కొసైను 0.88తో గుణింపగా 293 కిలోమీటర్లు వచ్చును. ఈ రెండును లంబకోణ త్రిభుజపు భుజములనుకొన్నచో కర్ణము రమారమి 505 కిలోమీటర్లు. రోడ్డు మార్గము సుమారు 570 కిలోమీటర్లు. కొన్ని వందల కిలోమీటర్ల వరకే ఈ పద్ధతి చెల్లును. హైదరాబాదు, జిద్దాల వంటి దూరములకు గోళ త్రికోణమితి కావలెను.

గంటకు 800 కిలోమీటర్ల వేగమున 505 కిలోమీటర్లకు 38 నిమిషములు చాలును. అయినను ప్రయాణ పట్టికలలో సుమారు గంటా పది నిమిషములుండును. నేలమీది నడకకు, ఎక్కుటకు, దిగుటకు పట్టు కాలమే ఆ తేడా. జోహానెస్‌బర్గు సముద్రమట్టమునకు సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్నందున అచట గాలి పలుచన. విమానము లేచుటకు ఎక్కువ పరుగు కావలెను. అందుచే అచటి రన్‌వేలలో ఒకటి 4 కిలోమీటర్లకు మించి పొడవున్నది.

ఇక ఏ లెక్కకు అందని దూరమొకటి ఉన్నది. నేటాలు నుండి ట్రాన్స్‌వాలులో ప్రవేశించుటకు ఒకప్పుడు భారతీయులకు అనుమతి పత్రము కావలసియుండెను. 1913 నవంబరు 6న గాంధీజీ వెంట రెండు వేలకు పైగా జనులు, గనుల కార్మికులు మొదలుకొని చంకబిడ్డల తల్లుల వరకు, ఆ సరిహద్దును కాలినడకన దాటిరి. కూలి ఒప్పందము ముగిసినవారిపై విధించిన మూడు పౌనుల పన్నును తీసివేయవలెననుట వారి కోరిక. నవంబరు 10న బాల్ఫర్ వద్ద వారిని ఆపి, రైళ్ళలో నేటాలుకు తిప్పి పంపిరి. జోహానెస్‌బర్గు సమీపముననే ఉండెను. అయినను వారు చేరలేకపోయిరి. మరుసటి ఏట, 1914లో, ఆ పన్ను రద్దయినది.

కావున రెండు ఊళ్ళ నడుమ దూరమును కొలుచునపుడు పటమును, గడియారమును చూచుటతో మన పని ముగియదు. ఆ దారిన పోవు హక్కు ఎవరికున్నదో కూడ అడిగి తెలిసికొనవలెను.