క్షయరోగి యింట బియ్యము, కందిపప్పు

క్షయరోగికి మందుతోపాటు మంచి తిండి పెట్టవలెనని పల్లెలలో ముసలమ్మలకు సైతము తెలియును. పాలు, గ్రుడ్లు, పప్పు ఎక్కడనుండియో తెచ్చి రోగికి పెట్టుదురు. అయితే రోగితో ఒక్క కప్పు క్రింద నివసించు తక్కినవారి మాట యేమి? వారికి జబ్బు లేదు గదా, వారి కంచమును గూర్చి వైద్యుడు విచారింపనేల? ఈ ప్రశ్నకు మంగళూరులోని యేనెపోయ వైద్యకళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ అను వైద్యులును, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థవారు మొదలగు వారి సహచరులును జార్ఖండ్ రాష్ట్రములో చేసిన పరిశోధన యొక స్పష్టమైన సమాధానము చెప్పినది. ఫలితములు 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్యపత్రికలలో వెలువడెను. అందు వాడిన వస్తువులు మన పొలములలో పండునవే యగుటచేత సభ్యులకు ఆ సంగతిని కొంత విపులముగా తెలుపదలచితిమి.

మొదట రోగము నడచు రీతిని తెలిసికొనవలెను. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని 1882లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు కనిపెట్టెను. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు ఆ క్రిములు గాలిలో చేరి, ఆ గాలిని పీల్చినవారి ఊపిరితిత్తులలో ప్రవేశించును. కాని ప్రవేశించిన ప్రతివానికిని రోగము రాదు. రక్తములోని రక్షకకణములు క్రిములను చుట్టుముట్టి గోడ కట్టినట్లు బంధించి యుంచును. క్రిమి చావక, పెరుగక, ఏండ్ల తరబడి అట్లే పడియుండవచ్చును. క్రిమి సోకినవారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలములో ఎప్పుడో యొకప్పుడు రోగము బయటపడునని వైద్యులు లెక్కవేసియున్నారు. చెరువుకట్ట గట్టిగా నున్నన్నాళ్ళు నీరు లోపలనే యుండును. కట్ట నీరసించిన చోట గండి పడును. శరీరమునకు ఆ కట్టను నీరసింపజేయునవి మధుమేహము, మద్యపానము, పొగత్రాగుట, హెచ్. ఐ. వి. మొదలగునవి పెక్కు కలవు. మన దేశములో అన్నిటికంటె ఎక్కువమందిని పట్టి పీడించునది మాత్రము అర్ధాకలి. తగిన తిండి లేనిదే రక్షకకణములు పుట్టవు, పుట్టినవి పనిచేయవు.

ఇది క్రొత్తగా కనిపెట్టిన విషయము కాదు. మందులు లేని కాలములో తిండి, విశ్రాంతి, మంచిగాలి, ఇవియే చికిత్స. మన మదనపల్లె చెంత 1915లో వెలసిన ఆరోగ్యవరము శానటోరియము నడచినది ఆ పద్ధతిమీదనే. 1943లో స్ట్రెప్టోమైసిను, 1952లో ఐసోనియాజిడు వచ్చిన తరువాత కాలము మారినది. 1956లో మదరాసు నగరములో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధనాలయమువారు బీదరోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానటోరియములో నుంచి పుష్టికరమైన భోజనము పెట్టుచును, తక్కినవారిని ఇరుకు ఇండ్లలో దొరికినది తినుచుండగనే యుంచియు, అందరికిని ఒకే మందు ఇచ్చిరి. 1959లో ఫలితములు చూడగా ఇరుపక్షములకును గుణము ఇంచుమించు సమానముగా కనబడెను. ఆ పరిశోధన చేసిన మేలు అపారము. ఇల్లు విడువకుండ మందు పుచ్చుకొని కోలుకొనవచ్చునని లోకమునకు అది చూపినది. మంచము దొరకక చనిపోవలసిన లక్షలమంది దానివలన బ్రతికిరి. కాని దాని నీడలో ఒక పొరపాటు అభిప్రాయము పెరిగినది. మందు ఉన్నపుడు తిండితో పనిలేదని వైద్యలోకములో పలువురు తలచిరి. క్రిమిని చంపుటకు మందు చాలునని తేలినదే గాని, బక్కచిక్కిన రోగి ప్రాణము నిలుచునా, ఇంటిలోని బిడ్డకు రేపు రోగము రాకుండునా అను ప్రశ్నలు అట్లే మిగిలిపోయినవి.

జార్ఖండ్ పరిశోధకులు పట్టుకొన్నది ఈ మిగిలిన ప్రశ్ననే. నాలుగు జిల్లాలలోని 28 క్షయ చికిత్సా విభాగములలో, కఫపరీక్షవలన రోగము నిర్ధారణయైన 2,800 మంది రోగులను, వారి యిండ్లలోని 10,345 మందిని 2019 ఆగస్టు మొదలు 2021 జనవరి వరకు చేర్చుకొనిరి. ఆ కుటుంబములలో దాదాపు మూడింట రెండువంతులు సంతాలు, హో, ముండా, ఓరావు మొదలగు గిరిజనులు. రోగులందరికిని, ఏ పక్షమువారైనను, నెలకు పదికిలోల ఆహారపు సంచి ఇచ్చిరి. దానివలన దినమునకు 1,200 కేలరీల శక్తియు, 52 గ్రాముల మాంసకృత్తులును చేకూరును. భేదమంతయు ఇంటివారి విషయముననే. సగము విభాగములలో రోగి కుటుంబమునందలి పెద్దవారికి ఒక్కొక్కరికి నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు, విటమినుల మాత్రలు ఇచ్చిరి. చిన్నపిల్లలకు అందులో సగము. అనగా దినమునకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు. తక్కిన సగము విభాగములలో ఇంటివారికి వేరుగ ఏమియు నీయలేదు. ఏ విభాగమునకు ఏ పద్ధతి యనునది చీటి వేసినట్లు నిర్ణయించిరి. అటుపిమ్మట 2022 జూలై వరకు ఆ యిండ్లవారిని విడువక కనిపెట్టియుండిరి.

ఫలితము చూడుడు. రేషను ముట్టని పక్షములో 4,712 మందికి గాను 122 మందికి క్రొత్తగా క్షయ వచ్చెను. రేషను ముట్టిన పక్షములో 5,602 మందికి గాను 96 మందికి మాత్రమే వచ్చెను. గడచిన కాలమునుగూడ కలిపి లెక్కింపగా, అన్నివిధముల క్షయయు కలిసి నూటికి 39 వంతులు తగ్గినది. ఇతరులకు అంటుటకు ముఖ్యకారణమైన, పరీక్షలో క్రిమి కనబడిన ఊపిరితిత్తుల క్షయ నూటికి 48 వంతులు, అనగా ఇంచుమించు సగము, తగ్గినది. ఇందు సూదిమందు లేదు, విదేశమునుండి తెప్పించిన పొడి లేదు. ముప్పది యిండ్లకు, అనగా సుమారు 111 మందికి, ఇట్లు ఆహారమిచ్చినచో ఒక క్రొత్త రోగము తప్పునని పరిశోధకులు లెక్క చెప్పిరి. ముప్పది యిండ్లకు పెట్టి ఒక్క రోగమునేనా తప్పించుట యని యెవరైన ననవచ్చును. తప్పినది ఒక్క రోగమే యైనను తిన్నది ముప్పది యిండ్లు. అందు మూడవవంతు మంది మొదటినుండియు చిక్కిపోయియున్నవారే. తప్పిన ఆ యొక్కరోగి మరి యెందరికి అంటించియుండునో ఆ లెక్క ఇందులో చేరలేదు.

రోగులను గూర్చి వెలువడిన రెండవ వ్యాసము మనస్సును ఇంకను కలచివేయును. చికిత్సకు వచ్చునాటికి పురుషుల సగటు బరువు 42.6 కిలోలు, స్త్రీలది 36.1 కిలోలు. ఎత్తునకు తగిన కనీసపు బరువు లేనివారు నూటికి 82 మంది. అయిదడుగుల మూడంగుళముల మనిషి 47 కిలోలకు తక్కువ తూగినయెడల వైద్యులు అతనిని ఈ జాబితాలో చేర్చుదురు. ఆరునెలల చికిత్సలో 108 మంది చనిపోయిరి; 2,623 మందికి, అనగా నూటికి దాదాపు 94 మందికి, చికిత్స ఫలించెను. ఎవరు బ్రతికిరి, ఎవరు పోయిరి అని పరిశీలింపగా ఒక గుర్తు స్పష్టముగా కనబడినది. మొదటి రెండు నెలలలో తన బరువులో నూటికి అయిదు వంతులు పెరిగినవారికి మరణభయము నూటికి 61 వంతులు తక్కువగ నుండెను. నలువది కిలోల మనిషికి అయిదు వంతులనగా రెండు కిలోలే. తేలికగా రోగము సోకినవారు సహజముగనే త్వరగా బరువెక్కుదురు గనుక ఈ తగ్గుదల అంతయు తిండి మహిమయే యని చెప్పుటకు వీలులేదు. అయినను రెండు నెలలైనను బరువు పెరుగని రోగి ప్రమాదములో నున్నాడనుట నిశ్చయము. ఇంకొక సంగతి: ఆరునెలలు సంచి అందిన పిమ్మట సైతము సగముకంటె ఎక్కువమంది తగిన బరువునకు రాలేదు. ఏండ్ల తరబడి పడిన లోటు ఆరునెలలలో పూడునా?

ఈ పరిశోధనకు హద్దులు లేకపోలేదు. మాత్రలను పరీక్షించునపుడు ఉత్తుత్తి మాత్రయు అసలు మాత్రయు ఒకే రంగులో చేసి, ఎవరికేది ముట్టినదో తెలియనీయక దాచుదురు. బియ్యపు మూటను దాచుట యెట్లు? ఇదిగాక, ఆ జిల్లాలు మిక్కిలి పేదవి. కడుపునిండ తిను కుటుంబములో అదనపు బియ్యము ఇంత మేలు చేయునని తలచరాదు; మధుమేహము గలవానికి వైద్యుని సలహా లేనిదే అన్నము పెంచుట కీడుగూడ కావచ్చును. మరి మందు మానుటకు తిండి సాకు కాదు. మందు మధ్యలో మానినవాడు ఎంత తిన్నను క్రిమి మొండికెత్తి, తరువాత ఏ మందుకును లొంగక పోవచ్చును.

ఇక మన పల్లెలకు వత్తము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలలో 2023వ సంవత్సరమున మన దేశమున క్షయ సోకినవారు సుమారు 28 లక్షలు. అది లోకమందలి రోగులలో నాలుగవవంతునకు పైమాట. మన యిండ్లలో ఆహారము పంచబడు తీరు అందరెరిగినదే. రోగి మగవాడైనచో మంచిముక్క అతని కంచములో పడును, ఇల్లాలు చివరకు మిగిలినది తినును. రోగి ఇల్లాలే యైనచో ఆమెకు వచ్చిన సంచి పిల్లల కంచములలోనికి పోవును. ఒక్కరికని యిచ్చిన బియ్యము ఒక్కరి వద్ద నిలువదు, నిలువవలెనని తల్లిని శాసించుటయు న్యాయము కాదు. కావున ఇంటిల్లిపాదికి ఇచ్చుటయే సరియైన లెక్క యని మా యభిప్రాయము. చౌకడిపోలో బియ్యము కొంతవరకు దొరకుచున్నది. లోటు పప్పుదగ్గరనే యున్నది. కంది పండించు రైతే పంటనంతయు అమ్మి, తన యింటికి పప్పు కొనలేని స్థితి మనలో లేకపోలేదు.

ప్రభుత్వము 2018 నుండి నిక్షయ్ పోషణ యోజన క్రింద చికిత్సలోని రోగికి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. 2022లో నిక్షయ్ మిత్ర అను పద్ధతి యేర్పడినది. వ్యక్తులేగాక సహకార సంఘములును పేరు నమోదు చేసికొని, రోగుల సమ్మతిపై వారికి నెలనెల ఆహారపు సంచి ఇయ్యవచ్చును. 2024లో ఈ సంచిని రోగి యింటివారికిని ఇచ్చుటకు ప్రభుత్వము అంగీకరించినది. ఇందుకు జార్ఖండ్ ఫలితములు బలమైన ఆధారము.

సంఘమునకు అగు వ్యయమును చూతము. 2019 నాటి ధరలతో రోగికి నెలకు సుమారు 1,100 రూపాయలు, ఇంటివారికి ఒక్కొక్కరికి సుమారు 325 రూపాయలు అయినదని పరిశోధకులు తెలిపిరి. రోగిగాక నలుగురు పెద్దవారు గల యింటికి నెలకు 2,400 రూపాయలు, ఆరునెలలకు 14,400 రూపాయలు. నేడు పప్పుధర పెరిగినది గనుక ఇంతకంటె ఎక్కువ కాగలదు. వస్తురూపమున చూచినచో ఆ నలుగురికి నెలకు ఇరువది కిలోల బియ్యము, ఆరు కిలోల కందిపప్పు. గ్రామమునకు ఇద్దరో ముగ్గురో రోగులున్నచో పంటకాలమున సభ్యులు తలకొక కుంచము పోసినను ఈ మాత్రము సమకూరును. రొక్కము ఇయ్యదలచినచో ఉపనియమములు ధర్మకార్యములకు అనుమతించు మొత్తము ఎంతయో చూచుకొని సర్వసభ్య సమావేశములో తీర్మానించుకొనవలెను.

ఒక్క జాగ్రత్త చెప్పక తప్పదు. సంచి ఇచ్చునపుడు రోగిని నలుగురిలో నిలబెట్టి పటము తీయించుట మాత్రము కూడదు. క్షయ యని పేరు పడిన యింటి పిల్లకు పెండ్లి కాదను భయముతో మందునే దాచుకొనువారున్నారు. సంచి కార్యదర్శి చేతగాని, ఆశా కార్యకర్త చేతగాని చప్పుడులేక ఇల్లు చేరవలెను. ఆ యింటిలో ఎవరికైన రెండువారములకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నయెడల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఉచితముగా పరీక్ష చేయుదురు. జబ్బు లేదని తేలినవారికి, ముఖ్యముగా పసిపిల్లలకు, రోగము రాకుండ ముందుగా ఇచ్చు మందును గూర్చి అక్కడనే అడుగవలెను. ధాన్యము తూచు సంఘపు కాటాపై మనిషిని తూచుటకు అడ్డులేదు. సంచి ఇచ్చు దినముననే రోగి బరువును, ఇంటివారి బరువును ఒక పుస్తకములో వ్రాసియుంచి, రెండవ నెల నాటికి రోగి బరువు పెరుగనిచో ఆ పుస్తకమును వైద్యునికి చూపవలెను.