కుక్కుట శబ్దము – కోడి, పుంజు: అర్థవివేచనము

గోదావరీ మండలములలో సంక్రాంతి నాళ్ల ‘కోడిపందెము’ అను మాట వినిపింపని ఊరు అరుదు. బరిలో దిగునది పుంజే కాని పెట్ట కాదు. అయినను ‘పుంజుపందెము’ అని ఎవ్వరును సాధారణముగా అనరు. ‘కోడి కూసినది’ అన్నచో పుంజు, ‘కోడిగ్రుడ్డు’ అన్నచో పెట్ట స్ఫురించును. కోడి శబ్దము జాతివాచకమగుటయే దీనికి కారణము. కూత, గ్రుడ్డు, పందెము మొదలగు పదముల సన్నిధి వ్యక్తివిశేషమును నిర్ణయించును. సన్నిధి చాలని చోట మాత్రమే పుంజు, పెట్ట అను విశేషపదములు కావలసివచ్చును.

సంస్కృతమున స్థితి వేరు. అమరసింహుడు కుక్కుట, చరణాయుధ, కృకవాకు, తామ్రచూడ శబ్దములను పర్యాయములుగా పఠించెను. అర్థమొకటియైనను వీని ప్రవృత్తినిమిత్తములు భిన్నములు. ఎఱ్ఱని జుట్టు కలది తామ్రచూడము. కాలే ఆయుధముగా కలది చరణాయుధము. పందెగాండ్రు కట్టు కత్తి మనుష్యకృతము. ఈ పేరునకు నిమిత్తము సహజమైన కాలిముల్లే. కృకవాకు శబ్దమున పూర్వభాగము ధ్వన్యనుకరణమనియు, ఉత్తరభాగము వచధాతుజమనియు యాస్కుడు నిరుక్తమున చెప్పెను. కావున ఈ మూడింటికి ‘కోడి’ అని మాత్రమే ప్రతిపదార్థము వ్రాసినచో యోగార్థము లోపించును. ‘కోడిపుంజు’ అనియే చెప్పవలెను.

కుక్కుటాండ శబ్దమున మఱియొక చిక్కు కలదు. అండము కుక్కుటిది, సమాసమున వినబడునది కుక్కుట రూపము. దీనికై వార్తికకారుడు కుక్కుట్యాదులకు అండాదులు పరమగునపుడు పుంవద్భావమును విధించెను. రూపమును మాత్రమే చూచి విద్యార్థి ‘పుంజు గ్రుడ్డు’ అని వ్రాసినచో నవ్వులపాలగును. ఇచట ‘కోడిగ్రుడ్డు’ అనుటయే యుక్తము. వ్యాకరణము వార్తికముచే సాధించిన దానిని తెలుగు జాతివాచకముచేతనే సాధించినది.

పుంజు శబ్దమును ‘పుంస్’ శబ్దభవమనుటకును, రాశ్యర్థకమైన ‘పుంజ’ శబ్దముతో ముడిపెట్టుటకును తొందరపడరాదు. కన్నడమున ‘హుంజ’ అను సోదరశబ్దము కలదు. పకారము హకారమగుట ఆ భాషలో ప్రసిద్ధము. కావున ఇది దేశ్యమని గ్రహించుట సమంజసము.

పుంజులలోని భేదములను తెలుగువారు ఈకల రంగును బట్టి పేర్కొందురు. నల్లనిది కాకి, ఎఱ్ఱనిది డేగ, తెల్లనిది సేతు. పసుపు ఈకలు కలది నెమలి. ఇందు పరపక్షి నామములు గుణసాదృశ్యముచే వచ్చినవి, ఇది గౌణీవృత్తి. దండి దశకుమారచరితమున ప్రమతి కథలోని కోడిపందెమున నారికేళజాతి, బలాకాజాతి పుంజులు తలపడును. బలాక కొంగ. ఒక పక్షి పేరు మఱియొక పక్షి జాతికి వచ్చు పద్ధతి అచటను కనబడుచున్నది. కేతన ఈ కథలను తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన సంగతి విదితమే.

ఆంగ్లమునకు పోయినచో ఒక్క పుంజునకే పలుపేర్లు కలవు. ‘కాక్’ ప్రాచీనము, కూతను అనుకరించునది. దానికి అశ్లీలార్థము కలుగుటచే అమెరికావారు ‘రూస్టర్’ అను పదమును ఆదరించిరి. కొమ్మపై గూడు చేరి కూర్చుండునది అని దాని యోగార్థము. ఏడాది నిండని పుంజు ‘కాకెరెల్’. మాంసమునకై వృషణములు తీసినది ‘కేపన్’. కావున కృకవాకువునకు ‘కాక్’ సరిపోవును. ‘రూస్టర్’ అన్నచో వ్యక్తి తెలియును కాని కూత అను నిమిత్తము తెలియదు. ‘కేపన్’ ఎన్నటికిని పర్యాయము కాజాలదు.

నిఘంటువు అర్థమును చూపును. ప్రయోగము దానిని నిలుపును. లింగము సన్నిధిచే తెలియునపుడు ‘కోడి’ అనియు, లింగమే అర్థమైనపుడు ‘పుంజు’ అనియు బోధించుట అధ్యాపకులకు కర్తవ్యము.