మన డెల్టా మన్ను

విజయవాడయొద్ద ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణ యిఱుకుగాఁ బాఱుచున్నది. ఆ గండి దాఁటిన పిదపఁ గొండలు క్రమముగా నంతరించి, సముద్రమువఱకు నల్లని యొండ్రునేల వ్యాపించియున్నది. ఈ మన్ను మనది కాదు సుమా! మహాబలేశ్వరముచెంతఁ బుట్టిన నది, మరాఠీ కన్నడ సీమల నేలలను గోసికొనుచు వరదలలో మోసికొని వచ్చి యిచ్చటఁ బఱచినది.

మన్ను సారవంతమైనను వాన నమ్మరానిది. 1833 లో గుంటూరు సీమలోఁ గఱవు వచ్చినపుడు జనులు లెక్కకు మిక్కిలిగాఁ జచ్చిరి. ప్రక్కనున్న నదీజలమును పొలముల కెక్కించు సాధనము లేకపోయెను. కాటను దొరగారి పూనికచేత, ఓర్ దొరగారి పర్యవేక్షణమున 1855 నాఁటికి ఆనకట్ట ముగిసి కాలువలకు నీరు వచ్చెను. అది 1952 లో వరదకుఁ దెగఁగా, 1957 లో ప్రకాశము బ్యారేజి నిలిచెను.

అయితే నీటిని నిలుపు కట్ట మట్టినిగూడ నిలుపును. ఎగువ శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలగు జలాశయములలో నొండ్రు దిగిపోవుటచే డెల్టాకుఁ జేరునది స్వల్పము. పూర్వము సముద్రముమీఁదికిఁ బెరిగిన తీరము నేఁడు పలుచోట్ల వెనుకకుఁ దగ్గుచున్నది. మడ యడవులు నఱకి రొయ్యల చెఱువులు త్రవ్వినచోట్ల నలల కడ్డు మఱింత తగ్గినది. పులిగడ్డయొద్దఁ జీలిన పాయల నడుమనున్న దివిసీమ యసలే పల్లపు నేల. 1977 నవంబరు 19 నాఁటి యుప్పెనలో వేలమంది యచ్చటఁ బోయిరి. మేము తరగతిలో గీయించు పటమునఁ దీరరేఖ కదలదు గాని, హంసలదీవికడ నది యట్లు లేదు.