కూరకు క్షమాపణలెందుకమ్మా!

చుట్టాలు ఇంకా ముద్ద కలపనే లేదు, మనం మొదలెట్టేస్తాం. ‘పప్పు కాస్త పలచనైందండీ, వంకాయ కొంచెం అడుగంటింది, ఏమనుకోకండి...’ పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డది మనమే, చివరికి తప్పు ఒప్పుకునేదీ మనమే! ఎందుకమ్మా మనకీ గోల?

అమెరికాలో జూలియా చైల్డ్ అని ఒకావిడ ఉండేది. 37వ ఏట పారిస్‌లో వంట బడిలో చేరింది. 1963లో బోస్టన్ టీవీలో ‘ది ఫ్రెంచ్ షెఫ్’ కార్యక్రమం మొదలెట్టేనాటికి 50 ఏళ్లు. ఓసారి పెనంలో బంగాళాదుంప అట్టు ఎగరేసి తిప్పబోతే కొంత పొయ్యి గట్టు మీద పడింది. కెమెరా నడుస్తూనే ఉంది. చేత్తో తీసి మళ్లీ పెనంలో వేసేసి, వంటింట్లో ఒక్కదానివే కదా, ఎవరు చూడొచ్చారులే అన్నట్టు నవ్వేసింది. (తర్వాత జనం కోడిని నేల మీద పడేసిందని కథ అల్లారు. పడింది బంగాళాదుంపేనమ్మా!)

పారిస్‌లో నేర్చుకునే రోజుల్లో స్నేహితురాలిని భోజనానికి పిలిచింది. పాలకూర దొరక్క ఇంకేదో ఆకు వేసింది, సాస్‌లో పిండి కొలవకుండా పోసింది. గుడ్ల వంటకం ఘోరంగా తయారైంది. ఇద్దరూ కష్టపడి తినేశారు గానీ జూలియా నోట ఒక్క సారీ రాలేదు. మనం సంజాయిషీ ఇస్తే ఎదుటివాళ్లకి ‘అబ్బే, బాగానే ఉందండీ’ అని అబద్ధమాడక తప్పదు కదా? తినేవాళ్లకి ఆ ఇబ్బంది దేనికి? పైగా మనం చెప్పకపోతే ఆ పలచన పప్పు సంగతి సగంమందికి తెలియనే తెలియదు. అంతగా బాధనిపిస్తే, వాళ్లు వెళ్లాక ఎక్కడ తేడా కొట్టిందో కాగితం మీద రాసుకో. వంట బడి పరీక్షలో మొదటిసారి తప్పిన జూలియా కూడా చదువుకుని మళ్లీ రాసి గట్టెక్కింది.

ఇంకోటి. మనకి ఒదిగిపోవడం నోటితోనే కాదు, నడుముతోనూ అలవాటే. గట్టు ఎత్తు సరిపోకపోతే వంగి తరుగుతాం, రాత్రికి నడుము పట్టేసిందని అమృతాంజనం రాసుకుంటాం. జూలియా ఆరడుగుల రెండంగుళాల మనిషి. భర్త పాల్ ఆవిడ కోసం గట్టు మామూలుకన్నా రెండంగుళాలు పెంచి 38 అంగుళాలకి కట్టించాడు. ఏ గిన్నె ఎక్కడ తగిలించాలో గోడ పలక మీద గీత గీసి పెట్టాడు. ఆ వంటిల్లు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మనకంత హంగు అక్కర్లేదులే. తరిగే చెక్క కింద పీట వేసుకున్నా నడుముకి సుఖమే. ఇల్లు కట్టిస్తుంటే మాత్రం గట్టు నీ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండేలా చూసుకో. ‘అందరికీ ఇదే కొలతమ్మా’ అంటాడు మేస్త్రీ. వినకు. పక్కనే నిలబడి మోచేయి మడిచి చూపించు.