టపాలో బొమ్మలు

యాదగిరిగుట్టలో కూర్చుని టపా ద్వారా చిత్రకళ నేర్చుకుంటున్నానంటే, "బొమ్మ గీసుడు ఉత్తరంల వస్తదా?" అని మిత్రులు నవ్వినారు. సగం వస్తుంది.

వెలుగునీడలు, మనిషి కొలతలు, దూరపు వస్తువు చిన్నగా కనిపించే తీరు, ఇవి కాగితం మీద చక్కగానే అర్థమవుతాయి. అర్థం కాని పేజీని పదిసార్లు తిరగేయవచ్చు. తరగతిలో లెక్చరర్ గారిని నాలుగోసారి అడిగే ధైర్యం ఎవరికుంది? చిక్కంతా చెయ్యి దగ్గరే. గుడి గోపురం గీసి పంపితే మూడు వారాలకు తిరిగి వచ్చింది. మూలన ఎర్రసిరాతో "నీడ తప్పు" అని రెండే మాటలు. ఏ నీడ? ఎందుకు తప్పు? ఈలోగా అదే తప్పుతో ఇంకో పది బొమ్మలు గీసేసినాను. దిద్దేవారికి బొమ్మ కనబడింది గాని, పెన్సిల్‌ను బిగబట్టిన నా పిడికిలి కనబడలేదు.

ఆ తేడా నాకు గుట్ట మీదే తెలిసింది. 2016 నుంచి 2022 వరకు గుడిని కృష్ణశిలతో తిరిగి కడుతున్నప్పుడు శిల్పుల దగ్గర నిలబడి చూసేవాణ్ణి. కుర్రవాడి ఉలి వాలు తప్పితే, సుత్తి పడకముందే పెద్దాయన చెయ్యి పట్టుకునేవాడు. రాయి పెచ్చు లేచినాక దిద్దేదేముంది?

అట్లని టపా చదువును తీసిపారేయలేం. అమెరికాలో చార్లెస్ షుల్జ్ ఇట్లాగే మినియాపొలిస్‌లోని ఒక కరస్పాండెన్స్ స్కూలులో నేర్చుకున్నాడు. పిల్లల బొమ్మల పాఠంలో ఆయనకు వచ్చింది సీ ప్లస్! తరువాత అక్కడే పాఠాలు దిద్దే ఉద్యోగం చేసి, 1950లో ఆ పిల్లల బొమ్మలతోనే 'పీనట్స్' మొదలుపెట్టి దాదాపు 50 ఏళ్ళు నడిపాడు.

ఇప్పుడు నేను తప్పిన గీతలు చెరపను. ఏ గీత ముందు, ఏది వెనుక అని పక్కన అంకెలు వేసి పంపుతున్నాను. మొన్నటి బొమ్మకు పేజీ నిండా జవాబు వచ్చింది.